ఎండెక్కకముందు గాలి

నేపాల్‌లో మా హుమ్లా కొండ మీది చిన్న రన్‌వే దగ్గర విమానమెక్కే మనుషులనీ మూటలనీ కాటా మీద తూచేది మానవీర్ రోకాయ. పక్కనే నా టీకొట్టు. మనిషి మంచివాడే, నోరే దురుసు. "ఎండెక్కితే గాలి పలచబడుతుందమ్మా, రెక్కలకు పట్టు దొరకదు. దించు ఆ నెయ్యి డబ్బా!" అని అందరి మీదా అరిచేవాడు. గాలి ఒత్తిడి తగ్గిన మబ్బు రోజున ఇంకో మూట దించేవాడు.

జ్యేష్ఠంలో అతని భార్య పన్సరాకు ఒళ్లంతా నీరు పట్టింది. కిందికి, నేపాల్‌గంజ్ ఆసుపత్రికి చేర్చాలి. ఆమె ఎన్నడూ కొండ దిగలేదు. "నువ్వు పక్కన లేకపోతే భయంతోనే పోతానయ్యా" అంది.

తెల్లవారగానే మొదటి విమానం వచ్చింది. చల్లటి గాలి, ఇద్దరికీ చోటుంది. మానవీర్ తల్లి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పురోహితుడు పది దాటాక ముహూర్తం పెట్టాడు. ఇప్పుడు కదిలితే కోడలు తిరిగి రాదురా!"

ఊరందరి మీదా అరిచేవాడు తల్లి కన్నీళ్లు చూసి భుజం మీది మూట దించేశాడు. పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆ సామెత వింటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది.

బొట్లు పెట్టుకుని ముహూర్తానికే వచ్చారు. రెండో విమానం దిగేసరికి రన్‌వే రాళ్లు కాలుతున్నాయి. లోపలున్నవాళ్లూ రోగులే. మూటలన్నీ దింపేశారు. అయినా పైలట్ తల అడ్డంగా ఊపాడు.

"ఈ వేడికి ఇంకొక్కరే అన్నా."

మానవీర్ కోటు విప్పాడు, బూట్లు విప్పాడు. వట్టి కాళ్లతో తన కాటా తనే ఎక్కాడు.

"ఇప్పుడు చూడు తమ్ముడూ!"

"బూట్లతో తీరేదా అన్నా? నీకు తెలియనిదా?"

పన్సరా కిటికీలోంచి నవ్వబోయింది. "కోటేసుకోవయ్యా, అందరూ చూస్తున్నారు" అంది. విమానం ఆమెను తీసుకుపోయింది.

ఆ సాయంత్రమే మబ్బు కమ్మింది. రోజుల తరబడి విమానం రాలేదు. ఈలోగా అక్కడ ఆమె పోయింది, చెయ్యి పట్టుకునే దిక్కు లేకుండా.

మానవీర్ తల్లికి ఇప్పుడు మతి నిలకడగా లేదు. రోజూ చీకటుండగానే కొడుకును తట్టి లేపుతుంది. "లేరా, గాలి ఇంకా చల్లగానే ఉంది. ఇద్దర్నీ ఎక్కించుకుంటారు. కోడల్ని లేపు."

"సరేనమ్మా" అని అతనొక్కడే లేచి రన్‌వే దగ్గరికి నడుస్తాడు.