ఈసా ఫుళు చెప్పని చోటు

ఈసా ఫుళుకు డెబ్బై ఒకటి. మాల్దీవుల ఉత్తరపు కొసన ఉన్న దీవిలో నలభై ఏళ్ళు పడవ నడిపే తండేలుగా చేపల వేటకు వెళ్ళి, మోకాళ్ళు మొరాయించాక పడవను కొడుకు షామిల్‌కి అప్పగించాడు. పడవతో పాటు ఒక చోటు కూడా అప్పగించాడు. వాయవ్యాన నీళ్ళ అడుగున ఒక మెట్ట ఉంది, దాని మీద సూర చేప ఏడాది పొడుగునా తిరుగుతుంది. తమ కింద పనిచేసే కళాసీలకు కూడా ఆనవాలు చిక్కకుండా పడవను అటూ ఇటూ తిప్పి తీసుకెళ్ళేవాళ్ళు తండ్రీకొడుకులు.

వైర్‌లెస్‌లో ఎక్కడున్నావని అడిగితే అబద్ధం చెప్పడం అక్కడి తండేళ్ళందరికీ అలవాటే. అందులో సిగ్గేం లేదు, నిజం చెప్పినవాడే వెర్రిబాగులవాడు! ఆ ఉదయం షామిల్ "దక్షిణాన ఉన్నాం, చేప లేదు" అన్నాడు. తర్వాత వైర్‌లెస్ పలకలేదు, పడవ రాలేదు.

మర్నాడు తీరరక్షక దళం అధికారి జియాద్ ముసలాయన ముందు పటం పరిచాడు. మాల్దీవుల ఓడ, భారత నౌకాదళం ఓడ, శ్రీలంక విమానం వెతకడం మొదలుపెట్టాయి. ఎవరి పడవ తప్పిపోయినా ఈ సముద్రం మీది దేశాలన్నీ కలిసి వెతుకుతాయి. వెతికే చోటును మాత్రం పడవలన్నిటికీ వినబడేలా గంటగంటకూ ప్రకటిస్తారు.

"దక్షిణమేనా మామా? మీ తండేళ్ళు నిజం చెప్పరని నాకూ తెలుసు. అది అబద్ధమైతే అసలు దిక్కేదో చెప్పు చాలు."

"దక్షిణమే నాయనా."

ఇంజన్ ఆగి ఉంటుంది, వాడే బాగుచేసుకుని వస్తాడు, ఈలోపు ఆ చోటును ఊరిపాలు చేయడం దేనికి అనుకున్నాడు. తనకూ రెండుసార్లు అలాగే ఆగింది. రెండో రోజూ అదే మాట అన్నాడు. కోడలు సవ్దా రొట్టె ముట్టలేదు.

మూడో రోజు పొద్దున జియాద్ గొంతు తగ్గించాడు. "అందరూ కలిసి జల్లెడ పట్టారు మామా. చెక్కముక్క కూడా దొరకలేదు. సాయంత్రానికి ఓడలు వెనక్కి మళ్ళుతాయి."

ఈసా ఫుళు వేలు తీసుకెళ్ళి పటం మీద వాయవ్యాన పెట్టాడు.

"ఈ ముక్క మొదటిరోజే చెప్పి చావొచ్చుగా!" అని జియాద్ వైర్‌లెస్ అందుకున్నాడు.

ప్రవాహం ఆ మెట్ట నుంచి ఎటు లాగుతుందో లెక్కగట్టి, మర్నాడు మధ్యాహ్నం భారత ఓడ పడవను పట్టుకుంది. అందులోని ఏడుగురూ బతికే ఉన్నారు. సాయంత్రం రేవులో షామిల్ పగిలిన పెదాలతో దిగి, తండ్రి భుజం మీద చెయ్యి వేసి నిలదొక్కుకున్నాడు.

"మన చోటు చెప్పేశావా బప్పా?"

"చెప్పానురా. పోతే పోయింది వెధవ చోటు!"

"నాకు తెలుసు. నీళ్ళు అయిపోయాక కళాసీలు ఏడుస్తుంటే ఒకటే చెప్పాను. మా బప్పా ఈపాటికి చెప్పే ఉంటాడు, ఏ క్షణమైనా వస్తారు అని. రెండు రోజులు ఆ మాట మీదే బతికాం."

"నిన్న పొద్దున గానీ చెప్పలేదురా," అన్నాడు ఈసా ఫుళు.

షామిల్ తండ్రి భుజం మీంచి చెయ్యి తీసేశాడు. సవ్దాను పట్టుకుని ఇంటివైపు నడిచాడు.