“మాట మారుతదా సార్?”

2004 వానాకాలంలో వనపర్తిలోని ఒక దవాఖానలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా చేరాను. వారానికి ఒక రోజు ఆపరేషన్లు. పిల్లలకు ఎక్కువగా అడినాయిడ్లవే. ముక్కు వెనక, అంగిలికి పైన ఉండే మెత్తటి కండ అది. మరీ పెరిగితే ముక్కుతో గాలి ఆడదు.

కోడేరు నుంచి వచ్చిన ఆరేళ్ల షబానాకు అదే బాధ. తండ్రి ఖాజా సైకిళ్లు బాగుచేసేవాడు. ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం వార్డుకు వెళ్లాను. బయట సన్నని తుంపర. పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఊపిరి ఆగినప్పుడల్లా వార్డు నీళ్ల అడుగున ఉన్నట్టు అనిపించేది. మళ్లీ అందేదాకా నేనూ, తల్లి రబియా కూడా ఊపిరి బిగబట్టేవాళ్లం.

అంగీకార పత్రం మీద ఖాజా సంతకం పెట్టబోతుంటే రబియా ఆపింది.

“ఆపరేషన్ అయినంక మాట మారుతదా సార్?”

మారదమ్మా అన్నాను, అలవాటుగా.

“పసిగున్నప్పుడు పాలు తాగితే ముక్కులకెల్లి వస్తుండె. ఇప్పటికీ జర తొందరగ నీళ్లు తాగితే గట్లనే అయితది.”

“గదేం ముచ్చటనే ఇప్పుడు? సార్‌కు తెల్వదా?” అన్నాడు ఖాజా.

నాకు తెలియదు. మొదటిసారి పిల్ల ఏడుస్తుంటే గొంతు పైపైన చూసి వదిలేశాను.

పిల్ల లేచాక నోట్లోకి టార్చి వేసి చూశాను. కొండనాలుక కొస రెండుగా చీలి ఉంది. అంగిలి వెనక అంచున వేలికి చిన్న గాడి తగిలింది. పైకి కనబడని చీలిక. మాట్లాడేటప్పుడు అంగిలి లేచి ముక్కు దారిని మూయాలి. ఈ పిల్లకు అంగిలి చాలదు. ఆ లోటును పెరిగిన కండే పూడుస్తోంది. మొత్తం తీసేస్తే మాటంతా ముక్కులోంచే వచ్చేది.

ఆపరేషన్ ఆపేశాను. ఖాజాకు కోపం వచ్చింది.

“నిద్రల ఊపిరాగుతుంటే చూస్కుంట కూసోమంటరా?”

అతని భయమూ నిజమే. నా పొరపాటు ఒప్పుకొని, హైదరాబాదులో పెద్ద దవాఖానకు ఉత్తరం రాసిచ్చాను. అక్కడ పై భాగం మాత్రమే తీసి, అంగిలి ఆనే కింది అంచును ఉంచారు.

రంజాన్ తర్వాత ముగ్గురూ వచ్చారు. షబానా బల్లకు ఆనుకుని ఒకటో తరగతి పాట అప్పజెప్పింది. మాట తేటగానే ఉంది. చరణానికీ చరణానికీ మధ్య నోరు మూసి, ముక్కుతో గాలి పీల్చుకుంది.

“ఇప్పుడు నేను గూడ పండుకుంటున్న సార్,” అంది రబియా.

ఆ తర్వాత ఏ బిడ్డకు ఈ ఆపరేషన్ రాసినా ముందు అంగిలిని వేలితో తడిమి చూసేవాణ్ణి. పాలు ముక్కులోంచి వచ్చేవా, దెబ్బ తగిలితే నెత్తురు త్వరగా ఆగుతుందా అని అడిగేవాణ్ణి. తల్లిదండ్రులకు చెప్పేది ఒకటే: సంతకానికి ముందు, డాక్టరు అడగకపోయినా ఇవి చెప్పండి. అడగడం మరిచిపోయే డాక్టర్లు ఉంటారు. నేనూ ఒకణ్ణి.