కడబూరకు నాలుగు వేళ్ల దూరం

లోకాంతాన్ని ఒకసారి నేనే గీశాను. గుడ్డ చాల్లేదు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన లారీలకు రంగులు వేసేవాణ్ణి. తలుపు మీద కమలం, వెనక గద్ద, దిష్టి తగలకుండా కోరల మొహం. నా విద్య అంతవరకే. ఆ ఏడు మా చర్చిలో వారం రోజులు కూటాలు పెట్టారు. క్రీస్తు రెండో రాకడ గురించి చెప్పడానికి ఎక్కడినుంచో ఒక బోధకుడు వచ్చాడు. చదువురాని వాళ్లకు కూడా అర్థమయ్యేలా ఒక పెద్ద పటం కావాలన్నాడు. సంఘంలో బ్రష్ పట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. నా విశ్వాసం సంగతి ఎవరూ అడగలేదు.

ఆయన కాగితం మీద చూపించిన వరస ఇది. ఎడమ చివర ఏదెను తోట, తర్వాత నోవహు ఓడ, తర్వాత సిలువ. అక్కణ్ణుంచి పొడుగాటి బాట, ఆ బాట మీద బాణం గుర్తు వేసి 'మనం ఇక్కడ' అని రాయాలి. ఆ తర్వాత లోకాంతాన దేవదూత ఊదే కడబూర, మేఘాల మీద ప్రభువు, ఏడు తలల మృగం, చివర కొత్త యెరూషలేము.

నేను మృగంతో మొదలుపెట్టాను. చేతికి అలవాటైన పని అదొక్కటే. ఏడు తలలకూ లారీ కోరలే పెట్టాను, ఒక్కో తలకు కోరలు ఆడేంత చోటు వదిలాను. కడబూర దాకా కుడివైపంతా ముగించి, తర్వాత ఎడమ నుంచి ఏదెను, ఓడ, సిలువ గీసుకుంటూ వచ్చేసరికి పొడుగాటి బాటకు మూరెడు చోటు మిగిలింది. బాణం గుర్తును అందులో ఇరికించాను. బాణానికీ కడబూరకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది.

మొదటి రోజు సాయంత్రం బోధకుడు చెరకుగడతో ఒక్కొక్కటీ చూపిస్తూ బాణం దగ్గర ఆగాడు. ముందు వరసలో కూర్చున్న ఒక తాత లేచి వెళ్లి, బాణం పక్కన చెయ్యి ఆనించి, జనం వైపు తిరిగాడు.

"నాలుగేళ్లే!" అన్నాడు.

ఆయన వేళ్లన్నాడో ఏమో, అందరికీ ఏళ్లనే వినబడింది. ఆడవాళ్లు ఏడ్చారు. మూరకు రెండు వేల ఏళ్లయితే నాలుగు వేళ్లకు మూడు వందల పైచిలుకు ఏళ్లు రావాలి. ఆ లెక్క ఎవరూ వేయలేదు.

ఇంతవరకు నవ్వులాటే. కానీ మా అమ్మ కడుపులో గడ్డ ఉంది. బీదర్ దవాఖానలో డాక్టరమ్మ ఆ గురువారమే కోస్తానంది, ఇంకా ఆలస్యం చేస్తే తన చేతిలో ఉండదని కూడా చెప్పింది. నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. అమ్మ రెండు చీరలు మూట కట్టి పెట్టుకుంది. కూటం నుంచి వచ్చిన మర్నాడు చూస్తే ఆ చీరలు దండెం మీద ఉన్నాయి.

"మూట ఎందుకిప్పినవే?"

"ఇగ కోపిచ్చుకునుడెందుకు బిడ్డా? ప్రభువు వస్తుండు. మహిమ శరీరమిస్తడు. అండ్ల గడ్డలుంటయా?"

"అమ్మా, అది గుడ్డ సాలక గట్లయింది. మృగం జర పెద్దగయింది."

"పెద్దగ ఎవలు చేయించిన్రు? నీ చెయ్యి ఆయననే నడిపించిండు."

"నడిపించినోడు ఇంకింత గుడ్డ తెచ్చియ్యాలె గద."

"నోర్ముయ్యి."

ఆ సాయంత్రం సాక్ష్యాల సమయంలో అమ్మ లేచి నిలబడింది. "నా కొడుకు ఒప్పుకున్నడు. గా కొలతలు వాడు కావాలని పెట్టినయి గావంట," అంది. హల్లెలూయాలు మోగాయి. నేరం ఒప్పుకుంటే అది సాక్ష్యమై కూర్చుంది. చెయ్యి ఆనించిన తాత వచ్చి నా కుడి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీకు ముందే ఎర్కనా?"

"ఎర్కుంటే మృగానికి నాలుగు తలలు తగ్గిద్దును తాతా."

ఆయన నవ్వలేదు. ఆ వారం జహీరాబాద్‌లో నా మాటకు నవ్వే మనిషే లేడు.

బుధవారం పొద్దున బోధకుడి దగ్గరికి పోయాను. జొన్నరొట్టె తింటున్నాడు. సంగతంతా చెప్పాను. రొట్టె పక్కన పెట్టేశాడు.

"నేను దినం చెప్పలేదే తమ్ముడూ."

"మీరు చెప్పలే అయ్యగారూ. నా గుడ్డ చెప్పింది."

మంచి మనిషి. ఆ సాయంత్రం పటం వైపు చూడకుండానే మాట్లాడాడు. ఆ దినం, ఆ గడియ దేవదూతలకు కూడా తెలియవన్నాడు. అందాకా నాట్లు వేసేవాళ్లు నాట్లు వేసుకోవాలి, రోగులు వైద్యుడి దగ్గరికి పోవాలి అన్నాడు. అమ్మ ప్రతి మాటకూ తల ఊపింది. నా గుండె కుదుటపడింది.

"ఇన్నవ్ గద?" అన్నాను బయటికి వస్తూ.

"ఇన్న. ఏ దినమో తెల్వదన్నడు. అంటే రేపు గూడ రావచ్చు."

ఏ తలుపు తెరిచినా మళ్లీ అదే గది.

"రేపొస్తే బీదర్ల నుంచే తీస్కపోతడు. ఆయనకు తొవ్వ తెల్వదా?"

అమ్మ చర్చి మెట్టు మీద కూర్చుండిపోయింది. "నా ఫికర్ నాది గాదురా. ఇద్దరు ఒక్కకాడ పని జేస్తుంటే ఒకల్ని తీస్కపోయి ఒకల్ని ఇడిసిపెడ్తడట. నేను ఆపరేషన్ బల్ల మీదుంటి, నన్ను తీస్కపోయిండు. నిన్ను ఇడిసిపెడితే? నువ్వు మోకాలు వంచంగ నేనెన్నడు సూడలే."

నవ్వించే మాట ఒకటి సిద్ధంగానే ఉంది. దాన్ని పక్కన పెట్టి, ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"నేను తలుపుకాడనే ఉంట," అన్నాను.

"ఉంటే సాలది. మోకాళ్ల మీదుండాలె. నన్ను లోపటికి తీస్కపోయినప్పటి సంది బయటికి తెచ్చేదాంక."

"ఒట్టు."

"ఒట్లు పెట్టొద్దని రాసుంది. అవునంటే అవునను."

"అవును."

గురువారం పొద్దున మొదటి బస్సుకు పోయాం. అమ్మను లోపలికి తీసుకుపోగానే వరండాలో మోకాళ్లూనాను. ఆయా నేల తుడుస్తూ వచ్చి, నేను కదలకపోయేసరికి నా చుట్టూ గుండ్రంగా తుడిచి పోయింది. బండలు లెక్కపెడుతూ పొద్దు గడిపేద్దామనుకున్నాను. అవి అరగంటలో అయిపోయాయి. లేవడానికి లేదు, మాట ఇచ్చాను. తలుపు వెనక ఇనుప సామాను పళ్లెంలో పడుతున్న చప్పుడు.

అప్పుడు అడిగాను. ప్రభువా, ఈరోజు రావద్దు. లోపల ఆమె కడుపు కోసి ఉంది. కుట్లు వేసేదాకా ఆగు. మేఘాల్లో ఉంటే మేఘాల్లోనే ఆగు. అందరూ రమ్మని అడుగుతుంటే నేను రావద్దని బతిమాలుతున్నాను. అందులో వేళాకోళం లేదు.

మధ్యాహ్నానికి స్ట్రెచర్ బయటికి వచ్చింది. గడ్డ తీసేశామని, భయం లేదని నర్సమ్మ చెప్పింది. నా కాళ్లు మొద్దుబారి లేవలేకపోయాను. అమ్మకు మత్తు దిగలేదు, నన్ను చూడనే లేదు. రెండో రోజు, మోకాళ్ల మీదే ఉన్నానని చెబితే నమ్మలేదు.

"ఆయానడుగు," అన్నాను.

"ఆయాను గూడ నవ్వించి నీ దిక్కు తిప్పుకున్నవేమో." దుప్పటి పైకి లాక్కుని అడిగింది. "సరే, ఏమని ప్రార్థన జేసినవ్?"

ఆమె ఎదురుచూసే ప్రభువునే నేను ఆగమన్నాను.

"నువ్వు బాగుండాలని," అన్నాను.

"గంతేనా?"

"గంతే."

అమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. త్వరగా రమ్మనే అడుగుతుందని తెలుసు. ఆమె పక్కనే కూర్చుని, ఆమెకు వినబడకుండా, నా మాట నేను మళ్లీ అడిగాను.