ఓర్పు కవరు

మా ట్యూటరమ్మ చేతిలో కత్తెర గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎనభైల్లో కువైట్‌లో ఇద్దరం ఒకే ఆస్పత్రిలో పనిచేశాం. ఆవిడ గుంటూరు మనిషి. నర్సులకు పాఠాలు చెబుతూ, రోగులు నొప్పి గురించి ఏం చెప్పుకుంటారో పరిశోధన చేసేది. వాళ్ళ మాటలు టైపు చేయించి, ఒక్కో వాక్యాన్నీ తిన్నగా కత్తిరించి, ఉఫ్ అని ఊది, 'ఏడుపు', 'ప్రార్థన', 'ఓర్పు' అని రాసిన కవర్లలో వేసేది.

నా వార్డులో రాయచోటి ఆమె ఒకతె ఉండేది. ఇంటిపని చేసే మనిషి. మరిగే నూనె పడి చెయ్యంతా కాలింది. యజమానురాలిని మామా అనేది. ట్యూటరమ్మ అడిగితే నా ముందే చెప్పింది:

"నొప్పేం లేదుమ్మా. నొప్పుందంటే ఇంగ ఖలాస్, మామా ఊరికి పంపిచ్చేస్తాది."

ఆ మాటలు టైపై వచ్చాక, నా కళ్ళముందే, సరిగ్గా ఆ రెండు వాక్యాల మధ్య కత్తెర పడింది. మొదటిది 'ఓర్పు' కవర్లోకి, రెండోది చెత్తబుట్టలోకి.

"రెండూ ఒకే మాట గదా మేడం! ఓర్పు కాదది, భయం!" అని అరిచాను.

"రెండోది ఉద్యోగం సంగతమ్మా. మన విషయం నొప్పి కదా," అంది చల్లగా. ఆవిడ ఎవరిమీదా గొంతు పెంచి ఎరగదు. నాకు మరీ మండేది అందుకే.

బుట్టలోంచి ఆ ముక్క తీసి బల్లమీద కొట్టాను.

"భయం అని ఇంకో కవరు పెట్టండి."

ఆవిడ ముక్క చదివింది. నిండుగా ఉబ్బిన 'ఓర్పు' కవరు వైపు చాలాసేపు చూసింది.

"ఆ కవరు పెడితే ఇవన్నీ అందులోకే పోతాయమ్మా," అంది.

ఉఫ్ అని ఊది, ముక్కను మళ్ళీ బుట్టలో వేసింది.