కాక నూనె తుడిచిన హ్యాండిల్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున జగిత్యాల ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా కోరుట్ల వాడలో సైకిళ్లు బాగుచేసే కాక ఇక లేడని ఆయన కోడలు చెప్పింది. నేను అప్పుడే గుడి నుంచి వచ్చి సైకిలు ఆపాను. ఫోన్ పెట్టేశాక కూడా నా చేయి బ్రేకు మీదే ఉండిపోయింది. ఆ బ్రేకు ఆయన చేతి పనే.

కాక మాకు చుట్టం కాదు. వయసులో ఉన్నప్పుడు సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిపి, చెవులు మందగించాక ఇక్కడికి వచ్చి దుకాణం పెట్టుకున్నాడు. సాంచాల చప్పుడుకు అలవాటైన గొంతు, మెల్లగా మాట్లాడటం రాదు. నేనేమో గట్టిగా మాట్లాడలేను.

"బిడ్డా, దేవునితోని మాట్లాడినట్టు మాట్లాడకు. ఆయనకు ఇనవడుతది, నాకు ఇనవడది" అనేవాడు.

మోకాళ్ల నొప్పులకు సైకిలు తొక్కమని డాక్టరు చెప్పడంతో, హాస్టల్లో చదువుతున్న మా బిడ్డ ఇంట్లో వదిలేసిన గేర్ల సైకిలు నేను తీసుకున్నాను. లావు టైర్లు, కొండలెక్కే రకం. దాని మీద రోజూ హనుమంతుని గుడికి పోవడం యాభై ఏళ్లకు నాకు దొరికిన కొత్త సంతోషం.

ఒకరోజు గుడి ముందరి దిగుడులో బ్రేకు పట్టబోతే, లివరు హ్యాండిల్ మీదే జారి కిందికి తిరిగిపోయింది. వేళ్లకు అందలేదు. ఎవరిదో గడ్డి కుప్పలోకి పోయి ఆగాను. నాకు దెబ్బ తగల్లేదు కానీ కొబ్బరికాయ మాత్రం దేవుని దాకా పోకుండానే పగిలింది.

"గీ వయసుల గీ సర్కస్ ఎందుకే? అమ్మేద్దాం" అన్నారు మా ఆయన. బతిమాలితే చివరికి ఒక మాటకు ఒప్పుకున్నారు. "కాకకు సూపెడుదాం. ఆయన పనికిరాదంటె అమ్ముడే."

భయపడుతూనే మా ఆయనతో కలిసి తీసుకుపోయాను. కాక హ్యాండిల్ మీద వేలు రాసి వాసన చూశాడు.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"ప్రతి మంగళారం పూజ చేస్త కాకా. పసుపు అంటాలని జెరంత నువ్వుల నూనె."

"హన్మంతునికి రాసినట్టే రాసినవ్. ఆయన ఎగిరిపోతడు, ఆయనకు బ్రేకులెందుకు? నీకు కావాలె గద." మా ఆయన వైపు తిరిగి, "బండి మంచిగనే ఉన్నది. భక్తే జెర ఎక్కువైంది" అన్నాడు. మా ఆయన కూడా నవ్వేశారు.

కాక లివరు విప్పి, పెట్రోలు తడిపిన గుడ్డతో నూనె అంతా తుడిచాడు. పాత ట్యూబు నుంచి సన్నటి ముక్క కత్తిరించి, లివరు పట్టీ కింద చుట్టి స్క్రూ బిగించాడు. గట్టిగా పట్టి చూస్తే కదల్లేదు. పైనుంచి అరచేత్తో ఒక్కటి కొడితే మాత్రం కొద్దిగా తిరిగింది.

"ఇంకింత బిగించు కాకా."

"వద్దు. పట్టుకుంటె కదలొద్దు, పడితె తిరగాలె. మరీ బిగిస్తె పడ్డనాడు ఇరుగుతది."

బిడ్డకు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేయబోయినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తుకొస్తుంది. రెండుసార్లతో ఆపుతాను.

కాక నన్ను పూజ మానమనలేదు. బొట్టు సీటు కింది గొట్టానికి పెట్టుకొమ్మన్నాడు. బాగుచేసిన ఏ సైకిలునైనా ఆయన ఊరికే పంపేవాడు కాదు. "నేను సూస్తుంటె ఒక సుట్టు తిరిగి రా" అని దుకాణం ముందు చెక్క పెట్టె మీద కూర్చునేవాడు. ఆ రోజు నేను తిరిగివచ్చి ఆపితే, కొడుకు పరీక్ష పాసైనంత మురిసిపోయాడు.

ఆయన దినాలు అయిపోయిన మర్నాడు హ్యాండిల్‌ను పొడి గుడ్డతో తుడిచి, సీటు కింద బొట్టు పెట్టి అటు పోయాను. షట్టరు వేసి ఉంది. చెక్క పెట్టె బయటే ఉంది. మలుపు దాకా ఒక చుట్టు తిరిగివచ్చి, ఆ పెట్టె ముందు బ్రేకు పట్టాను. సైకిలు ఆగింది. లివరు పట్టీ కింది నుంచి గోరంత నల్లటి ట్యూబు ముక్క బయటికి కనబడుతోంది.