సంగటి తిన్న మనిషి

మా సింహాద్రిపురం వైపు పల్లెల్లో పార్టీల పేరుతో నరుక్కుంటున్న రోజులవి. ఒక మధ్యాహ్నం పక్క ఊరి మనిషి ఎండలో నడిచొచ్చి మా వాకిట్లో మంచినీళ్లు అడిగాడు. ఎదుటి పార్టీవాడని తెలిసినా ఊరుకోలేక సంగటి, పప్పు పెట్టాను.

చెయ్యి కడుక్కుని, "అక్కా, నీ కూడు తింటి, చెప్పకుండా పోలేను. రేపు బావను పులివెందులకు పోనీయాకు" అన్నాడు.

మా ఆయన్ను ఆపేశాను. మర్నాడు ఆ దారిలో బాంబులతో కాపు కాశారని తెలిసింది.

నేను నోరు మూసుకోలేదు. బోరింగు దగ్గర ఆడవాళ్లందరికీ ఆ మనిషి పేరు చెప్పి, "ఆయప్ప నా తాళి నిలబెట్టినాడు" అని చేతులెత్తి మొక్కాను. వారంలోపే ఆ మాట అవతలి పార్టీకి చేరింది. సొంతవాళ్లే అతణ్ని నరికేశారు.

"ఆయప్ప పేరేంది అవ్వా?" అని మనవరాలు అడుగుతుంది. చెప్పను. ఆ రోజూ చెప్పకుండా ఉండాల్సింది.