మినుములు పరిచిన రోడ్డు

ఈ ఉదయం కోళ్ల వ్యర్థాల లారీ ఒకటి మా ఊరి ముందు నుంచి చేపల చెరువులకు పోతూ, మేనత్త కాయలతో సహా పీకి రోడ్డు వారన పరిచిన మినప కట్టె మీద పొడవునా నల్లటి రసం కార్చుకుంటూ వెళ్లింది. కుళ్లిన పేగుల కంపు. ముక్కు మూసుకుంటే నోట్లోకి వస్తుంది. ఊరంతా పొలాలు తవ్వి చెరువులు చేసుకున్నా, ఇంకా మినుము చల్లుతున్న చివరి పొలం చెక్క మా అత్తది. దాన్ని చెరువుకు ఇమ్మని వచ్చేవాళ్లను ఏళ్లుగా గుమ్మం నుంచే పంపేస్తోంది.

గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డల మీదుగా కోడూరు దాకా పోయే ఈ రోడ్డు తాతయ్య నాటికి మోకాలి లోతు బురద. తరవాత కంకర పడింది, తారు పడింది, స్టేట్ హైవే అని రాతి మీద రాశారు. మాకు మాత్రం మాఘం దాటితే అది మినుము నూర్చే కళ్లం. మంచు విడవకముందే అత్త దాన్ని వాకిలిలా చిమ్మి, కళ్లాపి చల్లి, ఆరాక కట్టె పరిచేది. ఎండకు కాయలు చిటచిట పగులుతుంటే, ఆ కమ్మటి పొట్టు వాసనలో మేం తొక్కుడుబిళ్ల ఆడుతూ కోడూరు బస్సు కోసం కాసుకునేవాళ్లం. మనిషెవరైనా చెప్పులతో గింజ మీద కాలుపెడితే అత్త తిట్లు లంకించుకునేది. బస్సు మాత్రం నిండా జనంతో ఎక్కి తొక్కాలి!

డ్రైవరు మావయ్య వేగం తగ్గించి చక్రాలను సరిగ్గా కట్టె మీదికి తిప్పేవాడు.

"అక్కయ్యా, అడుగుది నలగలేదు. నేనొచ్చేలోపు తిరగెయ్యి."

"అట్టాగే తమ్ముడూ, ఈసారి ఇంకాస్త ఇవతలకి ఎక్కించు."

ఆ మినుములతోనే ఉగాదికి గారెలు, సున్నుండలు. బస్సు కిటికీలోంచి ఆయనకూ ఒక పొట్లం అందేది.

ఇప్పుడు రోడ్డు వెడల్పయింది. నీడనిచ్చే నిద్రగన్నేర్లు పోయాయి. రెండు పక్కలా మురుగు నీళ్లు, వాటిలో ఆ కుళ్లు తిని బలిసే చేపలు. దీన్నే అభివృద్ధి అంటున్నారు.

అత్త బిందెలతో నీళ్లు తెచ్చి కడిగి చూసింది. గింజ ఉబ్బింది గానీ కంపు వదల్లేదు. చీపురు అక్కడే పడేసి అరుగు మీద చతికిలబడింది. లారీవాణ్ణి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ చెరువాయనకి ఫోన్ చెయ్యవే, మన చెక్క కూడా తవ్వుకోమని. నోట్లో పెట్టుకోడానికి పనికిరాని పంట ఇంకెందుకు?"

చేశాను. సాయంత్రం కట్టెనంతా పారతో గోతిలోకి నెట్టాం. గొడ్లు కూడా దగ్గరికి రాలేదు. ఈ రోడ్డు మీద ఎండబెట్టుకోవడానికి మా ఊళ్లో ఇక ఎవరికీ గింజ లేదు.